అడగకుండా రాసిన పేర్లు

కొత్తలంకపాలెం,
నరసాపురం తాలూకా,
1890 జనవరి 6.

తమ్ముడు జీవరాజుకు అక్క దీనమ్మ దీవెనలు.

క్రిస్మసుకు నువ్వు వస్తావేమోనని ఈసారి కూడా రేవు దాకా వెళ్ళి నిలబడ్డాను. పంతులమ్మ పడవలు చూస్తోందని బడిపిల్లలు నవ్వారు. నవ్వనీ. నువ్వు చెన్నపట్నం వెళ్ళి ఏడేళ్ళు నిండాయి. అప్పుడు నీకు పంతొమ్మిదేళ్ళు. ఇప్పుడు ఎదురుపడితే నిన్ను ఆనవాలు పడతానా అని ఒక్కోసారి దిగులు పుడుతుంది.

ఇక్కడ ఒక విశేషం. రాజమండ్రి నుంచి చంద్రరావు గారని ఒక ప్లీడరు గుమాస్తా వచ్చారు. లండన్ పార్లమెంటులో మన పక్షాన మాట్లాడే ఒకాయన కొత్త బిల్లు తెస్తున్నాడట. మద్రాసు గవర్నరు గారి చట్టసభలో సగం మందినైనా ఈ దేశస్థులే ఎన్నుకోవాలని, సర్కారును ప్రశ్నలు అడిగే హక్కు వాళ్ళకు ఉండాలని ఆ బిల్లు. దానికి బలంగా ఊరూరా సంతకాలు పోగు చేస్తున్నారు. ఆ అర్జీని మన బడి ముందు నేనే చదివి వినిపించాను. పల్లంరాజు లేచి, "ఆ సభలో కూకున్నోడు ఉప్పు సంగతి అడగొచ్చా అండి?" అన్నాడు. చేపలకు వేసుకునే ఉప్పు మీద పన్ను పెంచారు కదా. ఉప్పుమట్టి గీకి తెచ్చుకుందని మొన్న వాళ్ళావిడ తలుపులమ్మను పట్టుకుపోయి పది రోజులు జైల్లో పెట్టారు. అడగొచ్చని చంద్రరావు గారు చెప్పారు. "అడిగితే ఆళ్ళు జవాబు చెప్పాలా?" అన్నాడు మళ్ళీ. చెప్పాలనే మన కోరిక అన్నారాయన. "అయితే నా నిశానీ ముందెట్టించండి" అని పల్లంరాజు గుర్తు గీయడానికి కలం అందుకున్నాడు. ఆ వెనక పేటంతా పెట్టింది.

సత్తియ్య మామ గురించి అడిగావు. ఆయన ఈమధ్య వేటకు వెళ్ళడం లేదు. రత్తమ్మ అత్త ఓపిగ్గానే ఉంది.

వేళకి తిను.

నీ అక్క
దీనమ్మ

*

బ్లాక్‌టౌన్, చెన్నపట్నం,
1890 జనవరి 30.

అక్కకు,

నీ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, మళ్ళీ తీసి చదివాను. పల్లంరాజు మాటలు నువ్వు రాసిన తీరుకి అతని గొంతు వినిపించింది. ఇక్కడ నాతో ఆ మాట మాట్లాడేవాళ్ళు లేరు. నేను "ఏంటండీ" అంటే ఆఫీసులో అరవ గుమాస్తాలు నన్ను వెక్కిరిస్తారు. ఏడేళ్ళుగా వెక్కిరిస్తూనే ఉన్నారు.

నీకో శుభవార్త. మొన్న మా కంపెనీ దొర విన్‌బోర్న్ గారు నన్ను పిలిచి కూర్చోమన్నాడు. ఇన్నాళ్ళలో ఆయన ఎదుట నేను కూర్చోవడం అదే మొదలు. "మీది గోదావరి సముద్రంలో కలిసే చోటు కదా? అక్కడి జాలరులు, కూలివాళ్ళు నీకు ఎంతమంది తెలుసు?" అన్నాడు. నా ఊరి గురించి ఈ పట్నంలో ఎవరూ అడిగింది లేదక్కా. రేవు దగ్గర మొదలుపెట్టి ఇల్లిల్లూ తిరిగినట్టు చెప్పుకుంటూ పోయాను. సత్తియ్య మామ, పల్లంరాజు, వీరవేణి మొగుడు రాముడు, మన మాలపేటలో ఏసురాజు, అతని అన్నదమ్ములు. చెబుతున్నంతసేపూ ఎండబెట్టిన చేపల వాసన ముక్కుకి తగులుతూనే ఉంది. ఆయన రాసివ్వమంటే రాసిచ్చాను. నలభై మూడు పేర్లు. అందరికంటే పైన మామ పేరు. నాన్న పోయాక పదేళ్ళపాటు రోజూ తెల్లారగట్ల నన్ను పడవలో నరసాపురం బడికి దించినవాడి పేరు పైన కాక ఇంకెక్కడ రాస్తాను?

అసలు సంగతి చెప్పనివ్వు. కాకినాడ బ్రాంచిలో పెద్ద గుమాస్తా పని ఖాళీ అవుతోందట. వేసవి దాటాక నన్ను అక్కడికి పంపుతానన్నాడు. కాకినాడ అంటే రెండు రోజుల పడవ ప్రయాణం. నెలకొకసారి వచ్చి నీ చేతి ముద్ద తినిపోవచ్చు. మామకి చెప్పు. ఆయన మొహంలో ఏం కనపడిందో చూసి రాయి.

జీవరాజు

*

కొత్తలంకపాలెం,
1890 ఫిబ్రవరి 19.

తమ్ముడికి,

కాకినాడ! ఆ మాట పైకి నాలుగుసార్లు అనుకున్నాను. ఉత్తరం చదివాక పిల్లలకు ఎక్కాలు తప్పు చెప్పాను. నడవలో నీకు మంచం వేయించాలని వడ్రంగికి కబురు పెట్టాను. వేసవి దాటడానికి ఇంకా నాలుగు నెలలు. ఏడేళ్ళు ఎలా గడిచాయో తెలియదు గాని ఈ నాలుగు నెలలు గడిచేటట్టు లేవు.

ఒక్క మాట, జీవా. వడ్లూ నువ్వులూ ఓడలకెత్తే దొరకి మనవాళ్ళ పేర్లతో ఏం పని? అడిగి రాయి.

అక్క

*

చెన్నపట్నం,
1890 మార్చి 20.

అక్కకు,

పేర్ల సంగతి ఏమంత పెద్దది కాదు. జిల్లా గురించి ఏదో రాసుకుంటున్నాడు. నువ్వు దాన్ని పట్టుకుని ఆలోచించకు.

ఎండలు ముదిరాయి. పని ఎక్కువగా ఉంది. మామ నోటి మాట ఒకటైనా రాసి పంపమని ఎన్నిసార్లు అడిగాను? "బాగున్నారు" అని నువ్వే రాస్తావు. ఆయన ఏమన్నాడో ఎప్పుడూ రాయవు.

జీవరాజు

*

కొత్తలంకపాలెం,
1890 మే 2.

జీవరాజుకు,

నిన్న చంద్రరావు గారు మళ్ళీ వచ్చారు. ఈసారి నవ్వు మొహంతో రాలేదు. మద్రాసులో దొరలు నడిపే పత్రిక ఒకటి తెచ్చారు. అందులో "గోదావరి జిల్లా జాలరులు, కూలివాళ్ళ విన్నపం" అని పడింది. అందులో ఏముందో నీకు నేను చెప్పక్కర్లేదేమో. అయినా రాస్తాను. "మాకు ఎన్నికలూ సభలూ తెలియవు. ప్లీడర్ల పెత్తనం మాకు వద్దు. దొరలే మాకు తల్లీ తండ్రీ. ఈ బిల్లు మా కోరిక కాదు." దాని కింద నలభై మూడు పేర్లు. చంద్రరావు గారు ఒక్కొక్కటీ పైకి చదివారు. "పంతులమ్మ గారూ, జనవరిలో మా అర్జీ మీద నిశానీలు పెట్టినవాళ్ళే దీని మీదా పెట్టారు. డబ్బు తీసుకున్నారా, భయపడ్డారా?" అన్నారు. పల్లంరాజు గుడ్లురుముతూ లేచాడు. "నేనెట్టలేదండి. నా పేరు ఎవడు రాశాడో ఆడి చెయ్యి చూపించండి" అన్నాడు.

రత్తమ్మ అత్త ఒక పక్కగా కూర్చుని ఉంది. మొదటి పేరు మళ్ళీ చదవమంది. చదివారు. నావైపు తిరిగి, "ఏంటమ్మా దీనమ్మా, మా ఆయన సచ్చి ఏడాదిన్నరయింది గదా. సచ్చినాక మద్రాసెళ్ళి నిశానీ ఎట్టొచ్చాడా?" అంది.

అవును జీవా. సత్తియ్య మామ లేడు. ఎనభై ఎనిమిది కార్తీకంలో గాలివానకి పడవ తిరగబడింది. ఒడ్డుకి చేర్చాక కూడా ఒక పూట ఊపిరితో ఉన్నాడు. నేనే నీకు రాయలేదు.

ఆ వరస నేను గుర్తుపట్టాను. రేవు దగ్గర మొదలై, ఇల్లిల్లూ తిరిగి, మాలపేటలో ఆగిన వరస. మరొకరు అలా చెప్పలేరు. నువ్వు చెప్పు. అది నీ చెయ్యేనా?

దీనమ్మ

*

చెన్నపట్నం,
1890 మే 24.

అక్కా,

నా చెయ్యే.

పేర్లు చెప్పిన రోజున ఎందుకో నాకు నిజంగా తెలియదు. పది రోజుల తర్వాత దొర ఒక ఇంగ్లీషు కాగితం ఇచ్చి తెలుగులోకి మార్చమన్నాడు. అప్పుడు తెలిసింది. "వాళ్ళని అడగాలి కదండీ" అన్నాను. "లండన్ టపాకి వ్యవధి లేదు. పార్లమెంటులో మా స్నేహితులు దీని కోసం చూస్తున్నారు. బీదవాళ్ళ మనసు ప్లీడర్లకేం తెలుసు? నువ్వు బీదవాడివి. నువ్వు వాళ్ళలో ఒకడివి కాదా?" అన్నాడు. ఆ మాటకి పడిపోయానక్కా. ఏడేళ్ళుగా ఎవరిలోనూ ఒకణ్ణి కాను. ఆ వెంటనే కాకినాడ మాట మళ్ళీ గుర్తు చేశాడు.

విన్నపం కింద పేర్లన్నీ రాశాను. ఒక్కో పేరు పక్కన ఒక్కో గుర్తు గీశాను. అన్నీ ఒక్కలా ఉంటే అనుమానం వస్తుందని కలాలు మార్చాను. పల్లంరాజుకి తెడ్డు. మామకి చుక్కాని. నీ జనవరి ఉత్తరం అప్పటికే నా జేబులో ఉంది. పల్లంరాజు ఏమడిగాడో నాకు తెలుసు. తెలిసే గీశాను. అక్కడ ఉప్పు కోసం ఒక ఆడమనిషి జైలుకి వెళ్ళింది. ఇక్కడ నేను నీ ఇంటి నడవలో పడుకోవడం కోసం ఆమె మొగుడి నోరు నొక్కేశాను.

మామ సంగతి నువ్వు దాచకపోతే ఆ పేరు రాసేవాణ్ణి కాదని మొదట నీ మీద కోపం వచ్చింది. నీకు గట్టిగా ఒక ఉత్తరం రాసి చింపేశాను. ఆ పేరు రాయకపోయినా తక్కిన నలభై రెండూ రాసేవాణ్ణే కదా.

ఆ పూటంతా ఊపిరితో ఉన్నాడన్నావు. ఏమైనా అన్నాడా?

జీవరాజు

*

కొత్తలంకపాలెం,
1890 జూన్ 14.

తమ్ముడికి,

నువ్వు రాస్తావని తెలిసినా, "నా చెయ్యే" అన్న మాట చూడగానే ఉత్తరం మడిచేసి, దీపం పెట్టాక మళ్ళీ విప్పాను.

మామ ఎక్కువగా మాట్లాడలేదు. కుర్రాడికి చెప్పొద్దు, ఒక్కడే ఉన్నాడు, ఏడుస్తాడు అన్నాడు. ఆయన మాట మీద దాచాను. ఆ తర్వాత అది నాకు అలవాటైంది. ఆయన ఉన్నాడని నువ్వు రాస్తుంటే చదవడం బాగుండేది. ఈ ఊళ్ళో ఆయన బతికున్నది నీ ఉత్తరాల్లోనే.

ఆదివారం ప్రార్థన అయ్యాక అందరినీ పిలిచి, రాసింది నా తమ్ముడేనని చెప్పాను. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండు. మర్నాటి నుంచి బడికి ఏడుగురు పిల్లలే వస్తున్నారు. రత్తమ్మ అత్త మన వాకిట్లోంచి వెళ్ళడం మానేసి చుట్టు తిరిగి వెళుతోంది.

చంద్రరావు గారు ఒక మాట చెప్పారు. లండన్ పార్లమెంటు ప్రభువుల సభలో పెద్దలు అప్పుడే అంటున్నారట, ఎన్నిక అనేది తూర్పు దేశాల వాళ్ళకి నప్పదని, సామాన్య జనం దాన్ని అడగనే లేదని. ఇలాంటి కాగితాలు వాళ్ళ మాటకి ఊతం. ఈ విన్నపం అబద్ధమని తేలాలంటే రాసినవాడే ప్రమాణం చేసి చెప్పాలట.

చెయ్యమని నేను రాయను. చేస్తే కాకినాడ పోతుంది. ఆ దొర ఊరుకుంటాడో, ఫోర్జరీ కేసే పెడతాడో తెలియదు. చెయ్యొద్దని కూడా రాయలేను. రాయాలని కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

మంచం తయారై వచ్చింది.

అక్క

*

చెన్నపట్నం,
1890 జూలై 11.

అక్కా,

సోమవారం ప్రమాణ పత్రం రాసిచ్చాను. చట్టసభల కోసం పనిచేసే పెద్దమనుషులు ఒక వకీలు గారి దగ్గరికి తీసుకెళ్ళారు. బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పాను. ఈ నలభై ముగ్గురిలో ఒక్కరికీ ఈ కాగితం చూపలేదని, గుర్తులన్నీ నేనే గీశానని, మొదటి పేరు గల మనిషి అప్పటికే చనిపోయాడని. "అతను మీకు ఏమవుతాడు?" అని వకీలు అడిగాడు. చట్టం ప్రకారం ఏమీ కాడు. "నన్ను బడికి దించేవాడండి" అన్నాను. ఆయన అది రాసుకోలేదు.

దొరకి నేనే వెళ్ళి చెప్పాను. కోపంగా అరవలేదు. "నువ్వు తెలివైనవాడివి అనుకున్నాను. నిన్ను జైలుకి పంపగలను" అన్నాడు. "పంపండి. ఎవరు రాయించారని కోర్టులో అడుగుతారు" అన్నాను. నా నోట ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. ఆయన కిటికీవైపు తిరిగి, నడత తాలూకు సర్టిఫికెట్టు ఇవ్వనని, ఈ రేవులో ఏ కంపెనీ గడపా ఎక్కనివ్వనని చెప్పాడు. అలాగే చేశాడు. మూడు రోజుల నుంచి తిరుగుతున్నాను. పేరు చెప్పగానే తలుపు వేస్తున్నారు.

పత్రం నకలు లండన్‌కి వెళ్ళింది. వేళకి చేరుతుందని అంటున్నారు.

ఉద్యోగం పోయిన రాత్రి నిద్ర పట్టింది. అంతకుముందు ఐదు నెలలు పట్టలేదని అప్పుడే తెలిసింది. మామ "కుర్రాడు" అన్నాడని రాశావు. ఆ ఒక్క మాట పంపినందుకు నీకు ఎలా దండం పెట్టను?

జీవరాజు

*

జగన్నాథపురం, కాకినాడ,
1890 సెప్టెంబరు 12.

అక్కా,

ఈ ఊరి పేరు చూసి ఉలిక్కిపడకు. పెద్ద గుమాస్తాగా రాలేదు. స్టీమరు డెక్కు మీద కూర్చుని వచ్చాను. అప్పాజీ గారని ఒక చర్చి సంఘపెద్ద అరుగు మీద పడుకుంటున్నాను. పగలు రేవులో మూటల మీద ఊళ్ళ పేర్లు రాస్తాను.

బిల్లు సంగతి మీకూ తెలిసే ఉంటుంది. నా పత్రం పత్రికల్లో పడింది, అక్కడ ఒకరిద్దరు సభ్యులు చదివారట కూడా. చివరికి ఆ విన్నపం అబద్ధమనీ అనలేదు, నిజమనీ అనలేదు. సమావేశాలు ముగిశాయి, సమయం లేదు అన్నారు. బిల్లును పక్కన పెట్టేశారు. నేను రాసిన దొంగ కాగితం వల్లే ఆగిందా అని వకీలు గారిని అడిగాను. "అంత గొప్ప పని మీరు చెయ్యలేదు లెండి. వాళ్ళకి ఇష్టం లేదు, అందుకే ఆగింది" అన్నారు. అది ఓదార్పో కాదో నాకు తెలియలేదు.

వచ్చి ఇరవై రోజులైంది. కాలవ రేవులో రోజూ నరసాపురం పడవలు కడతారు. సరంగులు మన మాటే మాట్లాడతారు. పని వదిలి వింటూ నిలబడిపోతాను. నిన్న ఒక పడవలోకి కాలు కూడా పెట్టాను. "ఏ ఊరండీ?" అని సరంగు అడిగాడు. ఊరి పేరు చెప్పలేక దిగిపోయాను. పల్లంరాజు ఎదుట ఎలా నిలబడను? రత్తమ్మ అత్త చుట్టు తిరిగి వెళుతుంటే ఎలా చూడను? చెన్నపట్నంలో ఉన్నప్పుడు దూరం కనక బెంగ అనుకున్నాను. రెండు రోజుల దూరంలో ఉన్నాను, ఇంకా ఎక్కువగా ఉంది.

నువ్వే ఒకసారి ఇక్కడికి రా. నిన్ను చూసి, ఇక్కడే ఎలాగో బతుకుతాను.

జీవరాజు

*

కొత్తలంకపాలెం,
1890 సెప్టెంబరు 19.

తమ్ముడికి,

నీ ఉత్తరం నా ఒక్కదానికే రాశావు. తప్పే అయినా అందరికీ చదివాను. మన ఇంట్లో దాచడం వల్ల వచ్చిన చేటు చాలు.

నువ్వు పడవలో కాలు పెట్టి దిగిపోయిన చోట చదవడం ఆపాను. తలుపులమ్మ ముక్కు చీదుకుంది. పల్లంరాజు, "బిల్లు మళ్ళీ తెత్తారంట గదండీ. మళ్ళీ కాగితం రాత్తారు. ఈసారి జీవరాజునే రాయమనండి. కాని ఇంటింటికీ వచ్చి, మా మొహం చూసి అడిగి రాయాలి. వద్దన్నోడి పేరు వదిలెయ్యాలి" అన్నాడు. అతని కోపం తీరలేదు. తీరిందని నీకు అబద్ధం రాయను. రాముడైతే నీతో మాట్లాడనని నా మొహం మీదే చెప్పాడు. అవన్నీ నువ్వు వచ్చి పడాల్సినవే.

రత్తమ్మ అత్త లేచి వెళ్ళిపోయింది. ఇక అంతే అనుకున్నాను. పొద్దు వాలేలోగా మూట కట్టుకుని మన గుమ్మంలోకి వచ్చింది. మూడు నెలల తర్వాత అదే రావడం. "ఆ కుర్రోణ్ణి మా ఆయన నీళ్ళ మీద రోజూ ఒడ్డుకి దించాడు. ఇప్పుడు రేవులో దిక్కులేకుండా నిలబడ్డాడంటే నేను ఇంట్లో ఎట్టా కూకుంటాను? కాకినాడలో ఎక్కడుంటాడో రాసియ్యి" అంది. నేనూ వస్తానన్నాను. "నువ్వొత్తే ఇద్దరూ అక్కడే కూకుని ఏడుత్తారు. నువ్వు అన్నం వండి ఉంచు" అంది. ఆవిడ ఎప్పుడూ నరసాపురం దాటి ఎరగదు.

అందుకే ఈ ఉత్తరం టపాలో వెయ్యలేదు. దీన్ని నీ చేతికిచ్చిన మనిషి నీ ఎదురుగానే నిలబడి ఉంటుంది. అత్తకి చదవడం రాదు. నువ్వే పైకి చదివి వినిపించు. చదివాక జవాబు రాయకు.

ఆవిడ వెంట పడవ ఎక్కు.

అక్క